నాన్న బీపీ ఒక రోజు 118, మర్నాడు 172: మిషన్ తప్పా, ఒంట్లోనే తేడానా?

చిన్నకూతురు
నాన్నకి 71 ఏళ్లు. పదకొండేళ్లుగా బీపీకి మందులు వాడుతున్నారు. రెండు నెలల కిందట ఇంట్లో చూసుకుందామని మిషన్ కొన్నాం. అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. పోయిన వారం పై అంకెలు ఇవి: సోమవారం 118, మంగళవారం 172, బుధవారం పొద్దున 149, అదే రోజు సాయంత్రం 126, గురువారం 165. కింద అంకె 70 నుంచి 98 దాకా తిరుగుతోంది. డాక్టర్ దగ్గర చూస్తే 138 వచ్చింది. "బాగానే ఉంది, ఇవే మందులు వాడండి" అన్నారు. నేను రాసుకున్న పుస్తకం తెరిచి చూపించేలోపే తర్వాతి పేషెంటుని పిలిచేశారు.

ఇంత ఎగుడుదిగుడు మామూలేనా? మిషన్ మార్చాలా? అసలు రోజుకి ఎన్నిసార్లు చూడాలి?

నిదానం
మిషన్ మార్చే ముందు మీరు ఎలా చూస్తున్నారో రాయండి. ఏ టైముకి, ఎక్కడ కూర్చోబెట్టి, చెయ్యి ఎక్కడ పెట్టి, పట్టీ ఏ సైజుది. అది తెలియకుండా ఎవరేం చెప్పినా ఊహే.

పాతబాణి
ఇంటికో మిషన్ వచ్చాక ఇంటికో టెన్షన్ కూడా వచ్చింది. బీపీ గోడ మీద గీసిన గీత కాదు. నిద్రలో ఒకలా, మెట్లెక్కితే ఒకలా, కోపం వస్తే ఒకలా ఉంటుంది. చలికాలంలో కాస్త ఎక్కువ, వేసవిలో కాస్త తక్కువ. డాక్టర్ 138 చూసి బాగుందన్నాక మళ్లీ ఎందుకండీ తవ్వుకోవడం?

చిన్నకూతురు
@నిదానం, టైమంటూ ఏమీ లేదు. గుర్తొచ్చినప్పుడు చూస్తాం. సోఫాలో కూర్చుంటారు, చెయ్యి ఒళ్లో పెట్టుకుంటారు. టీవీలో వార్తలు నడుస్తుంటాయి. మిషన్‌తో వచ్చిన పట్టీయే వాడుతున్నాం. నాన్నది కాస్త లావు చెయ్యి, పట్టీ చివరి అంచు దాకా లాగితే గానీ అతుక్కోదు. ఎక్కువ వస్తే వెంటనే మళ్లీ చూస్తాం, తగ్గేదాకా. తగ్గింది రాస్తాం.

రాత్రిడ్యూటీ
పంతొమ్మిదేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మీరు రాసిన ఎనిమిది వాక్యాల్లోనే సగం ఎగుడుదిగుడుకి కారణం దొరికింది.

ముందు పట్టీ సంగతి. లోపల గాలి నిండే సంచీ చేతి చుట్టుకొలతలో దాదాపు 80 శాతం చుట్టుకోవాలి. చేతికి చిన్నదైన పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. బాగా లావు చెయ్యికి మామూలు పట్టీ కడితే తేడా 20 పాయింట్ల దాకా కూడా వెళ్తుంది. అంటే అసలు బీపీ 130 ఉన్న మనిషికి 150 కనిపించొచ్చు. చెయ్యి పైభాగాన్ని టేపుతో కొలిచి, పట్టీ మీద సెంటీమీటర్లలో రాసి ఉండే కొలత ఎంత నుంచి ఎంత వరకో చూడండి. సరిపోకపోతే మిషన్ మార్చక్కర్లేదు. అదే కంపెనీ పెద్ద పట్టీ విడిగా దొరుకుతుంది.

రెండోది చెయ్యి ఎత్తు. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి పది సెంటీమీటర్లు కిందికి దిగితే ఏడెనిమిది పాయింట్లు ఎక్కువ వస్తుంది. ఒళ్లో పెట్టుకుంటే అంతకంటే కిందికే దిగుతుంది. బల్ల మీద ఆనించండి, అవసరమైతే కింద దిండు పెట్టండి.

టీవీ ఆపేయండి. కొలుస్తున్నప్పుడు మాట్లాడినా పెరుగుతుంది, కాలు మీద కాలు వేసుకున్నా పెరుగుతుంది, మూత్రం ఆపుకుని కూర్చున్నా పెరుగుతుంది. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్, వ్యాయామం వద్దు. వీపు ఆనించి, పాదాలు రెండూ నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఆ ఐదు నిమిషాలే ఎవరూ కూర్చోరు.

ఇక తగ్గేదాకా చూసి తగ్గింది రాయడం. దయచేసి అది ఆపండి. అలా రాసిన పుస్తకం చూసి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేరు.

వెన్నెల
రాత్రిడ్యూటీ గారి చివరి మాట నాకు బాగా తగిలింది. నేనూ రోజుకి పదిహేనుసార్లు చూసుకునేదాన్ని. 145 వస్తే భయం, ఆ భయంతో చూస్తే 156, దాంతో ఇంకా భయం. రాత్రి రెండింటికి లేచి చూసుకున్న రోజులున్నాయి. చివరికి మా డాక్టరమ్మ మిషన్‌ని మా అక్క చేతికి ఇప్పించి, నెలలో ఒక్క వారమే చూసుకోమన్నారు. ఆ వారం సగటు 129. మందే అవసరం లేదని తేలింది. ఎక్కువసార్లు చూస్తే ఎక్కువ తెలుస్తుందనుకున్నాను. తెలియలేదు, బెంగ పెరిగిందంతే.

లెక్కలమాస్టారు
పాతబాణి గారికి ఒక మాట. డాక్టర్ గదిలో వచ్చిన 138 కూడా ఆ ఒక్క నిమిషం అంకే. 1983లో ఇటలీలో మాన్సియా బృందం ఆసుపత్రిలో ఉన్నవాళ్ల రక్తనాళంలోంచే బీపీని నిరంతరాయంగా రికార్డు చేసింది. డాక్టర్ మంచం దగ్గరికి వచ్చి బీపీ చూడటం మొదలుపెట్టగానే పై అంకె సగటున 27 దాకా ఎగబాకింది. ఆ తర్వాత మెల్లగా దిగింది. డాక్టర్ దగ్గరే పెరిగేవాళ్లున్నట్టే, డాక్టర్ దగ్గర బాగుండి ఇంట్లో పెరిగేవాళ్లూ ఉన్నారు. ఈ రెండో రకమే ప్రమాదం, ఎందుకంటే ఎవరి కంటా పడదు. అందుకే డాక్టర్ గదిలో హద్దు 140/90 అయితే ఇంట్లో సగటుకి హద్దు 135/85 అని పెట్టారు.

పాతబాణి
మాస్టారూ, నేనూ సగటు చాలనే అంటున్నాను. సగటు 135 లోపు ఉందా లేదా, అంతే. మధ్యలో ఎగుడుదిగుడు లెక్కలు మామూలు మనుషులకి ఎందుకు?

లెక్కలమాస్టారు
ఎందుకో చెప్తాను, ఓపిగ్గా వినండి.

ఒకాయనకి ఐదు రోజులు వరసగా 138, 142, 139, 141, 140. ఇంకొకాయనకి 120, 160, 125, 158, 137. రెండింటి సగటూ 140. కానీ ఇద్దరి ఒళ్లూ ఒకటి కాదు. మొదటాయన అంకెల చెదురు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 1.6. రెండో ఆయనది 18.4.

ఇంకో చిక్కు ఉంది. రెండో ఆయన అంకెలనే 120, 125, 137, 158, 160 అని వరస మార్చి రాయండి. సగటు మారదు, స్టాండర్డ్ డీవియేషన్ మారదు. కానీ ఒకటి ఒక రోజు ఎక్కి మరో రోజు దిగే ఊగిసలాట, రెండోది రోజురోజుకీ పైకి పోవడం. ఈ తేడా పట్టుకోడానికి పక్కపక్క రీడింగుల మధ్య తేడాలు తీసి వాటి సగటు కడతారు. మొదటి వరసలో తేడాలు 40, 35, 33, 21, సగటు 32 చిల్లర. రెండో వరసలో 5, 12, 21, 2, సగటు 10. పరిశోధకులు వాడే కొలతల్లో ఇదొకటి. పెన్నూ కాగితం ఉంటే ఎవరైనా చెయ్యొచ్చు.

ఇది అనవసరపు లెక్క కాదని 2010లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన పీటర్ రాత్‌వెల్ బృందం లాన్సెట్ పత్రికలో చూపించింది. పక్షవాతం లాంటి లక్షణాలు కాసేపు వచ్చి పోయినవాళ్లలో, ఒక విజిట్‌కీ ఇంకో విజిట్‌కీ పై అంకె బాగా మారిపోయేవాళ్లకి తర్వాత పక్షవాతం వచ్చే ముప్పు ఎక్కువగా కనిపించింది. సగటుని పక్కన పెట్టి లెక్కేసినా ఆ తేడా నిలిచింది.

పాతబాణి
సరే, ముప్పు ఉందని ఒప్పుకున్నాను. మరి ఎంత ఊగితే తప్పు? హద్దు చెప్పండి.

రాత్రిడ్యూటీ
మంచి ప్రశ్న. 135/85 లాగా ఎగుడుదిగుడుకి అందరూ ఒప్పుకున్న ఒక అంకె లేదు. దానికంటూ ప్రత్యేకంగా మాత్రా లేదు. అందుకే డాక్టర్లు మందులు సగటుని బట్టే రాస్తారు. కానీ ఊగుతోందంటే ఎందుకు ఊగుతోందో వెతకాలి. వార్డులో నేను చూసినంతలో ముందు పట్టీ, కూర్చునే పద్ధతి. ఆ తర్వాత మందులు మానడం. తర్వాత నొప్పి, నిద్రలేమి, నొప్పులకి సొంతంగా వేసుకునే మాత్రలు, ముక్కు దిబ్బడ మందులు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి బీపీ పెంచుతాయని చాలామందికి తెలియదు. చివరగా వయసు. రక్తనాళాలు గట్టిపడిన కొద్దీ ఒంట్లో బీపీని సర్దే ఏర్పాటు నెమ్మదిస్తుంది, ఊగడం పెరుగుతుంది.

@చిన్నకూతురు, మిషన్ మీద గుండె లయ తప్పినట్టు గుర్తు ఏమైనా వెలుగుతోందా? లయ తప్పే గుండెకి ఇలాంటి మిషన్లు ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తాయి. ఆ గుర్తు పదేపదే వస్తుంటే ఈసీజీ తీయించాలి.

చిన్నకూతురు
ఆ గుర్తు లేదండీ, రెండు నెలల్లో ఒక్కసారీ రాలేదు. చెయ్యి కొలిచాను, 35 సెంటీమీటర్లు. మా పట్టీ మీద 22 నుంచి 32 అని ఉంది. పెద్దది తెప్పిస్తున్నాను. ఇన్నాళ్లూ పట్టీకి సైజు ఉంటుందని కూడా తెలియదు.

గాలిపటం
చేతికి వాచీలా కట్టుకునేది ఉంది కదా, రోజంతా అదే చూపిస్తుంది. ఇంత తంటా ఎందుకు?

నిదానం
వాచీల్లో చాలావాటికి మామూలు పట్టీ మిషన్‌తోనే మధ్యమధ్యలో సరిచూడాలి. యూరోపియన్ హైపర్‌టెన్షన్ సొసైటీ 2023 మార్గదర్శకాల్లో పట్టీ లేని పరికరాలని నమ్ముకుని జబ్బు నిర్ణయించొద్దనే చెప్పారు. మణికట్టు మిషన్లకీ చెయ్యి కొంచెం అటూ ఇటూ అయితే అంకె మారిపోతుంది. ప్రస్తుతానికి పై చేతికి కట్టేదే నయం.

ఒంటరిమర్రి
అందరూ ఎక్కువ అంకెల గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మకి 76. బీపీ 150 అటూ ఇటూ ఉండేది. ఒకరోజు 168 వచ్చిందని కంగారుపడి తీసుకెళ్తే మాత్ర డోసు పెంచారు. కూర్చోబెట్టి చూస్తే అంకె బాగా దిగింది, మేం సంతోషించాం. మూడు వారాలకి తెల్లవారుజామున మంచం మీంచి లేచి రెండడుగులు వేసి పడిపోయింది. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక ఇంకో డాక్టర్ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. పడుకుంటే 150, నిలబడితే 122. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ కింద అంకె 10 గానీ పడిపోతే అది పట్టించుకోవాల్సిన సంగతే అన్నారు. అమ్మది 28 పడింది. లేవగానే కళ్లు తిరుగుతున్నాయని అమ్మ అంతకుముందు రెండుసార్లు చెప్పింది కూడా. వయసు అనుకున్నాం.

మీ నాన్నగారికి కూర్చున్నప్పుడు చూశాక నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి కూడా చూడండి. పక్కనే మనిషి ఉండాలి. ఎగుడుదిగుడు అంటే కిందికి జారడం కూడా. దాన్ని మేం చూడలేదు.

వెన్నెల
చదువుతుంటే కళ్లు చెమర్చాయి. అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారు?

ఒంటరిమర్రి
చేతికర్రతో నడుస్తోంది. మందు మార్చారు. లేచేముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుంటుంది. నేను ఇంట్లో ఉంటే నేనే లేపుతాను.

అర్ధరాత్రి
నాదొక కేసు చేర్చండి. వయసు 46. పగలు ఎప్పుడు చూసినా 128, 130. కానీ పొద్దున్నే తలనొప్పి. 24 గంటల బీపీ మానిటర్ పెట్టారు. నడుముకి చిన్న పెట్టె, చేతికి పట్టీ. పగలు ఇరవై నిమిషాలకోసారి, రాత్రి అరగంటకోసారి దానంతట అదే ఉబ్బుతుంది. నిద్ర పాడవుతుందనుకున్నాను గానీ రెండు మూడుసార్లే మెలకువ వచ్చింది.

పగటి సగటు 128. రాత్రి సగటు 131. నిద్రలో బీపీ పది నుంచి ఇరవై శాతం దిగాలట. నాది దిగకపోగా ఎక్కింది. గురక ఉందా అని అడిగారు. మా ఆవిడ పదేళ్లుగా మొత్తుకుంటున్న విషయం అదే. నిద్ర పరీక్షలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని తేలింది. ఇప్పుడు రాత్రి మాస్కు పెట్టుకుంటున్నాను, తలనొప్పి పోయింది. ఇంట్లో మిషన్‌తో వెయ్యిసార్లు చూసినా ఇది దొరికేది కాదు.

సందేహం
రాత్రి దిగనివాళ్లు మాత్ర రాత్రిపూట వేసుకుంటే మంచిదని ఎక్కడో చదివాను.

రాత్రిడ్యూటీ
బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా చేర్చుకుని చేసిన టైమ్ అనే అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం లెక్కల్లో తేడా రాలేదు. ఏ పూట మర్చిపోకుండా వేసుకోగలరో ఆ పూట పెట్టుకోవడం మేలు. మార్చాలనుకుంటే డాక్టర్‌ని అడిగి మార్చండి.

@చిన్నకూతురు, పట్టీ వచ్చాక ఒక్క వారం ఇలా చేయండి. పొద్దున మందు వేసుకోకముందు, టిఫిన్‌కి ముందు, నిమిషం తేడాతో రెండుసార్లు. రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ రెండుసార్లు. వచ్చింది వచ్చినట్టే రాయండి, 137ని 140 చేయొద్దు. మొదటి రోజు వదిలేసి మిగతా ఆరు రోజుల సగటు కట్టండి. అంకె పక్కన ఇంకో గడి గీసి మందు వేసుకున్న టైమ్ రాయండి. ఆ గడి మాత్రం మర్చిపోవద్దు.

లెక్కలమాస్టారు
పొద్దున సగటు వేరుగా, రాత్రి సగటు వేరుగా కూడా కట్టండి. కలిపేస్తే పొద్దున ఎక్కే రకమా కాదా అన్నది కనపడదు.

చిన్నకూతురు
మూడు రోజులైంది. మందు గడి దగ్గరే అసలు విషయం బయటపడింది, మీకు చెప్పాలి.

నిన్న పొద్దున రీడింగ్ 127 వచ్చింది. గడిలో టైమ్ రాద్దామని "మాత్ర వేసుకున్నావా నాన్నా" అని అడిగాను. "ఇవాళ బాగానే ఉందిగా, ఎందుకు?" అన్నారు. గుచ్చి గుచ్చి అడిగితే అర్థమైంది. మిషన్ వచ్చినప్పటి నుంచి, 130 లోపు వస్తే ఆ రోజు మాత్ర మానేస్తున్నారు. 160 దాటితే రెండు వేసుకుంటున్నారు! "బీపీ లేనప్పుడు మందు వేసుకుంటే ఒంటికి చెడు కదమ్మా" అన్నారు. పదకొండేళ్లు ఒక్క పూట మానని మనిషి. నేను కొనిచ్చిన మిషన్ చూసి మానారు. చాలాసేపు ఏడ్చాను.

నిదానం
ఏడవకండి. మిషన్ కొనకపోతే ఈ పుస్తకం ఉండేది కాదు, ఆ గడీ ఉండేది కాదు. ఆయన భయపడి చేశారు, మొండితనంతో కాదు.

రాత్రిడ్యూటీ
ఇది నేను తరచూ చూసేదే. 127 వచ్చిందే మాత్ర వల్ల అని మెల్లగా చెప్పండి. మాత్ర మానితే ఒకటి రెండు రోజుల్లో ఎక్కుతుంది, ఎక్కిందని రెండు వేస్తే మరీ దిగుతుంది. మీరు చూసిన 118, 172 చాలావరకు ఇదే కావొచ్చు. కొన్ని మందులు ఉన్నట్టుండి ఆపితే బీపీ ఎగదన్నుతుంది కూడా. క్లోనిడిన్ అందులో బాగా పేరుపడింది. డాక్టర్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పండి. రోజూ రాసిచ్చిన మోతాదే వేయించండి. వారం లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి పెట్టండి.

పాతబాణి
ఒక మాట ఒప్పుకోవాలి. మా ఇంట్లో మా తమ్ముడూ ఇలాగే చేస్తాడేమోనని ఇప్పుడే ఫోన్ చేశాను. "అప్పుడప్పుడు" అన్నాడు. రేపు వెళ్తున్నాను.

చిన్నకూతురు
వారం అయింది. పెద్ద పట్టీ, బల్ల, టీవీ లేదు, మాత్ర రోజూ ఒకే టైముకి. మొదటి రోజు తీసేశాను. రెండేసి రీడింగుల సగటు పెట్టాను.

పొద్దున: 146, 141, 143, 138, 140, 138
రాత్రి: 134, 131, 136, 130, 133, 130

నిలబెట్టి చూస్తే మొదటి నిమిషంలో 6, మూడో నిమిషంలో 8 తగ్గింది. కళ్లు తిరగడం లేదన్నారు.

లెక్కలమాస్టారు
పొద్దున సగటు 141, రాత్రి 132. రెండూ కలిపితే 137కి దగ్గర. ముందు 118 నుంచి 172 దాకా ఊగిన మనిషి ఇప్పుడు 130 నుంచి 146 లోపలే ఉన్నారు. ఊగడం తగ్గింది. సగటు మాత్రం 135 కంటే కొంచెం పైనే ఉంది, అదీ పొద్దున పూట వల్ల. డాక్టర్‌కి ఈ రెండు వరసలూ ఒకే కాగితం మీద రాసి, పైన సగటులు పెద్దగా రాసివ్వండి. పుస్తకం తిప్పే పని లేకపోతే చూస్తారు.

చిన్నకూతురు
చూశారు! పూర్తిగా చదివారు. మాత్రలు మానిన సంగతి, రెండేసి వేసుకున్న సంగతి నాన్నే స్వయంగా చెప్పారు. ఒక మందులో చిన్న మార్పు చేసి, నెల తర్వాత మళ్లీ ఇలాగే ఒక వారం రాసుకుని రమ్మన్నారు. మధ్యలో రోజూ చూడక్కర్లేదన్నారు. 180/120 దాటితే ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడమన్నారు. దానితో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చెయ్యో కాలో పట్టు తప్పడం, చూపు మసకబారడం ఏది ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వచ్చేయమన్నారు.

సందేహం
ఆలస్యంగా అడుగుతున్నాను. ఏ చేతికి చూడాలి? మా ఇంట్లో కుడికీ ఎడమకీ తేడా వస్తోంది.

రాత్రిడ్యూటీ
మొదటిసారి రెండు చేతులకీ చూడండి. ఐదారు పాయింట్ల తేడా చాలామందికి ఉంటుంది. పది దాటి ప్రతిసారీ ఒకవైపే ఎక్కువ వస్తుంటే ఇక ఎప్పుడూ ఆ ఎక్కువ వచ్చే చేతికే చూడాలి, డాక్టర్‌కి కూడా చెప్పాలి. ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ చూస్తే అదే ఒక ఎగుడుదిగుడు.

సందేహం
మాకు పన్నెండు పద్నాలుగు వస్తోంది, ఎప్పుడూ ఎడమే ఎక్కువ.

రాత్రిడ్యూటీ
అయితే ఈ వారంలోనే చూపించండి. రెండు చేతుల అంకెలూ, తేదీలతో రాసుకుని వెళ్లండి.